అమానత్ – ఈమాన్‌కు గీటురాయి

మొదటి ఖుత్బా

మనల్ని సృజించి, మాట్లాడే శక్తినిచ్చి, మంచిచెడుల విచక్షణను ప్రసాదించిన అల్లాహ్‌కు వేనవేల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లంపై, ఆయన కుటుంబీకులపై, ప్రియ సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక!

ధర్మసోదరులారా! ముందుగా మమ్మల్ని మేము హెచ్చరించుకొని, ఆ తరువాతనే మీకు హితవు చెబుతున్నాము: అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి మసలుకుందాం. నలుగురిలో ఉన్నప్పుడూ, ఎవరూ చూడని చోటా ఆయన మనల్ని చూస్తూనే ఉన్నాడన్న స్పృహను మనసులో నిలుపుకుందాం.

మనం నిత్యం వినే మూడు పదాలను ఈ రోజు ఒకచోట చేర్చి చూద్దాం. ఈమాన్ అంటే విశ్వాసం. అమానత్ అంటే ఒకరు నమ్మి మనకు అప్పగించినది. అమ్న్ అంటే భయం లేని స్థితి, శాంతి. అరబీ భాషలో ఈ మూడు పదాలూ అలిఫ్, మీమ్, నూన్ అనే మూడక్షరాల ధాతువు నుంచే పుట్టాయి. మోమిన్ అన్న పదం కూడా అక్కడిదే. ఎవరి వల్ల ప్రజలు తమ ప్రాణాలకూ, తమ సొత్తుకూ ముప్పు లేదని నిశ్చింతగా ఉంటారో అతడే మోమిన్ అని దైవప్రవక్త (స) ఉపదేశించారు. అంటే మన విశ్వాసాన్ని గురించి మనం చెప్పుకునే మాట ఒకటి; ఇతరులు మన చేతికి ఏమి అప్పగించగలరన్నది మరొకటి. మొదటిదాన్ని పరీక్షించే గీటురాయి రెండవది.

ఈ సత్యం అత్యంత స్పష్టంగా వెల్లడైన రాత్రి ఒకటుంది. అది హిజ్రత్ రాత్రి. క్రీ.శ. 622వ సంవత్సరం. మక్కాలో దైవప్రవక్త (స) సత్యసందేశాన్ని వినిపించి 13 ఏళ్ళు గడిచాయి. ఖురైషు నాయకులు ఆయన్ను ఎగతాళి చేశారు, సాంఘికంగా వెలివేశారు, అనుచరులను చిత్రహింసలు పెట్టారు. చివరికి ఒక్కొక్క వంశం నుంచి ఒక్కొక్క యువకుణ్ణి ఎన్నుకొని, అందరూ ఏకకాలంలో దాడి చేసి ఆయన్ను హతమార్చాలని పన్నాగం పన్నారు. అల్లాహ్ ఆజ్ఞ మేరకు ఆయన ఆ రాత్రి ఇల్లు విడిచి బయలుదేరారు. ఆయన పడకపై హజ్రత్ అలీ (రజి) పడుకున్నారు.

అలీ (రజి) మక్కాలో ఉండిపోవడానికి మరొక కారణం కూడా ఉంది. దైవప్రవక్త (స) వద్ద మక్కా ప్రజల అమానతులు ఉన్నాయి. విలువైన వస్తువులను దాచుకోవలసి వచ్చినప్పుడు మక్కావాసులకు ఆయన ఇల్లే నమ్మకమైన చోటు. ఆ అమానతులన్నింటినీ ఎవరివి వారికి అప్పగించి రమ్మని ఆయన అలీ (రజి)ని నియమించారు. అలీ (రజి) మూడు రోజులు మక్కాలో ఉండి, ఆ పని పూర్తి చేసి, ఆ తరువాతనే మదీనా దారి పట్టారు.

ఈ సంఘటనను మనం ఎన్నోసార్లు విన్నాము. అయినా ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. ఆయన బోధను తిరస్కరించిన ఊరే తన సొత్తును ఆయన ఇంట దాచుకుంది. ఆయన ప్రవక్త కాదని వాదించిన నాలుకలు కూడా ఆయన వంచకుడని అనలేకపోయాయి. ఇక మరోవైపు చూడండి. హిజ్రత్ చేసిన ముస్లిముల ఇండ్లూ వాకిళ్ళూ ఖురైషుల పాలయ్యాయి. సుహైబ్ రూమీ (రజి) తన సంపాదననంతా వదులుకుంటేగాని వారు ఆయన్ను మదీనాకు కదలనివ్వలేదు. అటువంటి సమయంలో, “మా ఆస్తులు వారు లాక్కున్నారు, వారి అమానతులు మా దగ్గర ఉన్నాయి, చెల్లుకు చెల్లు” అని మనవంటివారము అని ఉండేవాళ్ళము. ఆ మాటను న్యాయమని కూడా నమ్మి ఉండేవాళ్ళము. దైవప్రవక్త (స) అలా అనలేదు. ఎదుటివాడు చేసిన అన్యాయం మన చేతిలోని అమానత్‌ను మన సొత్తుగా మార్చదని ఆ రాత్రి ఆయన ఆచరించి చూపారు.

సోదరులారా! మనుషులతో సత్యంగా మెలగడం ధర్మప్రచారానికి తోడుగా వచ్చే ఒక అలంకారం కాదు. అదే ధర్మానికి సాక్ష్యం. హుదైబియా ఒడంబడిక తరువాతి కాలంలో అబూ సుఫియాన్ వర్తకం కోసం షామ్ దేశానికి వెళ్ళారు. అప్పటికి ఆయన ఇస్లామ్ స్వీకరించలేదు. దైవప్రవక్త (స)కు ప్రత్యర్థి. రోము చక్రవర్తి హిరఖ్ల్ ఆయన్ను పిలిపించి ప్రవక్త గురించి అనేక ప్రశ్నలు వేశాడు. ప్రవక్తనని ప్రకటించుకోక మునుపు ఈయన ఎప్పుడైనా అబద్ధమాడినట్లు మీరెరుగుదురా అన్నది వాటిలో ఒకటి. లేదని అబూ సుఫియాన్ ఒప్పుకోవలసి వచ్చింది. మనుషుల విషయంలో అబద్ధమాడని వ్యక్తి దేవుని విషయంలో అబద్ధమాడతాడా అని హిరఖ్ల్ తర్కించాడు. ఆ మాట మనకు గట్టి హెచ్చరిక. మనం దుకాణంలో ఆడిన అబద్ధం అక్కడితో ఆగిపోదు. అది మనం చెప్పే దేవుని మాట మీద కూడా మచ్చ వేస్తుంది.

ఇంతకూ మనిషి శీలం తెలిసేది ఎక్కడ? హజ్రత్ ఉమర్ (రజి) వద్ద ఒక వ్యక్తి మరొకరి మంచితనానికి హామీగా నిలబడిన ఉదంతం మన పెద్దలు ఉల్లేఖించారు. ఉమర్ (రజి) అతణ్ణి మూడు ప్రశ్నలు అడిగారు. నీవు అతని పొరుగున నివసించావా? అతనితో కలిసి ప్రయాణం చేశావా? అతనితో దీనారు, దిర్హముల లావాదేవీ జరిపావా? మూడింటికీ లేదనే జవాబు వచ్చింది. అయితే అతణ్ణి మసీదులో తల వంచుతూ, ఎత్తుతూ ఉండగా చూసి ఉంటావు, నీకు అతడు తెలియడు అని ఉమర్ (రజి) తేల్చి చెప్పారు. నమాజును తక్కువ చేయడం ఆయన ఉద్దేశం కాదు. నమాజు కోసం ఆయన పడిన తపన అందరికీ తెలిసిందే. నమాజులో మనం నిలబడేది దేవుని ముందు. ఆ నిలబడడం మనలో ఏ మార్పు తెచ్చిందో పొరుగింటి గోడ దగ్గర, రైలు పెట్టెలో, డబ్బు చేతులు మారే చోట బయటపడుతుంది.

సత్యం పలకడం సులువైన రోజులుంటాయి. అబద్ధమే సులువైన రోజులూ వస్తాయి. మన శీలం తేలేది ఆ రెండవ రోజునే. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణానికి పిలుపు వచ్చింది. మండుటెండలు, దూర ప్రయాణం, తోటల్లో పండ్లు పక్వానికి వచ్చిన కాలం. కఅబ్ బిన్ మాలిక్ (రజి) వద్ద ఎన్నడూ లేనంత కలిమి ఉంది, రెండు వాహనాలు కూడా ఉన్నాయి. రేపు బయలుదేరుదాం, ఎల్లుండి బయలుదేరుదాం అనుకుంటూ ఆయన వెనుకబడిపోయారు. దైవప్రవక్త (స) తిరిగి రాగానే వెళ్ళనివారు 80 మందికి పైగా వచ్చి, ప్రమాణాలు చేసి, సాకులు చెప్పుకున్నారు. ఆయన వారి పైకి చెప్పిన మాటలను స్వీకరించి, అంతరంగాలను అల్లాహ్‌కు వదిలేశారు.

కఅబ్ (రజి) వంతు వచ్చింది. ఆయన వాక్చాతుర్యం కలవారు, కవి. ఒక సాకు అల్లడం ఆయనకు కష్టం కాదు. కాని ఈ రోజు అబద్ధంతో ప్రవక్త (స) సంతోషాన్ని పొందినా, రేపు అల్లాహ్ ఆ అబద్ధాన్ని బయటపెడతాడన్న సంగతి ఆయన మనసుకు తట్టింది. తనకు ఏ ఆటంకమూ లేదని, తప్పు తనదేనని ఉన్నదున్నట్లు ఒప్పుకున్నారు. ఆ నిజానికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఆయనతోనూ, ఆయనలాగే నిజం చెప్పిన మరో ఇద్దరితోనూ ఎవ్వరూ మాట్లాడవద్దని ఆజ్ఞ వెలువడింది. 50 రాత్రులు గడిచాయి. సొంత పినతండ్రి కుమారుడు సలాముకు జవాబివ్వలేదు. అంతటి విశాలమైన భూమి ఆయనకు ఇరుకైపోయింది. అదే సమయంలో గస్సాన్ రాజు నుంచి, మా వద్దకు రా, నిన్ను ఆదరిస్తామంటూ ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని పొయ్యిలో పడేశారు.

50వ రాత్రి తరువాత తెల్లవారగానే క్షమాపణ శుభవార్త వచ్చింది. వారి పశ్చాత్తాపం ఆమోదం పొందిన సంగతి సూరహ్ తౌబాలో నిలిచిపోయింది. ఆ వెంటనే వచ్చే ఆయతులో విశ్వాసులు సత్యవంతులతో ఉండాలన్న ఆదేశం ఉంది. తనను కాపాడింది సత్యమేనని, ఇక జీవితాంతం సత్యం తప్ప పలకనని కఅబ్ (రజి) సంకల్పించారు. సాకులు చెప్పినవారు ఆ రోజు హాయిగా ఇండ్లకు వెళ్ళారు. నిజం చెప్పినవారు 50 రాత్రులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎవరు గెలిచారో ఖుర్ఆన్ తీర్పు చెప్పింది.

ఇప్పుడు మన ఊళ్ళకు, మన వీధులకు వద్దాం. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి మన సోదరులెందరో ఎడారి దేశాలకు వెళ్ళి, ఎండలో ఒళ్ళు వంచి, నెలనెలా డబ్బు పంపుతారు. తమ్ముడి పేరునో, బావమరిది పేరునో, ప్రాణస్నేహితుడి పేరునో పంపుతారు. ఇంటి స్థలం కొని ఉంచమంటారు, అమ్మాయి పెళ్ళికి దాచి ఉంచమంటారు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. నమ్మకం ఒక్కటే ఉంటుంది. ఆ నమ్మకమే అమానత్. ఏళ్ళ తరువాత తిరిగి వచ్చి లెక్క అడిగినప్పుడు, “అన్నదమ్ముల మధ్య లెక్కలేమిటి” అనే మాట వినబడితే, ఆ మనిషి పోగొట్టుకున్నది డబ్బు మాత్రమే కాదు. ఇక అతడు ఎవరినీ నమ్మలేడు. ఒక ఇంట్లో అమానత్ చనిపోతే అమ్న్ కూడా చనిపోతుంది. అన్నదమ్ములు పలకరించుకోరు, పిల్లలు పండుగనాడు కూడా ఆ గడప తొక్కరు.

మనలో ఎవరైనా చనిపోయినప్పుడు, జనాజా నమాజుకు ముందు కుటుంబ పెద్ద ముందుకు వచ్చి, మరణించినవారు ఎవరికైనా బాకీ ఉంటే మాకు తెలియజేయండి, మేము తీరుస్తాము అని ప్రకటించడం మనం చూస్తూనే ఉన్నాము. ఇది ఊరికే వచ్చిన ఆచారం కాదు. దైవప్రవక్త (స) వద్దకు ఒక జనాజా వచ్చినప్పుడు, అతనికి అప్పు ఉందా, తీర్చడానికి ఏమైనా వదిలివెళ్ళాడా అని ఆయన అడిగేవారు. ఒకసారి కొద్దిపాటి దీనార్ల బాకీ ఉందని తెలిసి, మీ సహచరుని నమాజు మీరు చేసుకోండని ఆయన పక్కకు తప్పుకున్నారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్న తరువాతనే నమాజు చేయించారు. తరువాతి కాలంలో కలిమి వచ్చినప్పుడు, తీర్చే స్తోమత లేకుండా మరణించినవారి అప్పులను ఆయనే తన బాధ్యతగా స్వీకరించారు. పేదవానిపై ఆయనకు ఎంత కరుణ ఉందో ఇందులో కనబడుతుంది, ఇతరుల హక్కు ఎంత బరువైనదో కూడా కనబడుతుంది.

అయితే మనం సిగ్గుపడవలసిన దృశ్యం ఒకటుంది. భర్త జనాజా లేవబోతుండగా, ఏడుస్తున్న భార్యను ముందుకు తెచ్చి, “మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా” అంటారు. ఆమె ఆ స్థితిలో కాదనగలదా? ముప్పై ఏళ్ళు చెల్లించని బాకీని ఒక్క మాటతో రద్దు చేయించి, దాన్ని క్షమాపణ అని పిలవవచ్చా? మనస్ఫూర్తిగా వదులుకుంటేనే అది మాఫీ. మెహర్ భార్య హక్కు. బతికి ఉండగా చెల్లించవలసిన అమానత్. ఈ మాట మసీదులో కూర్చున్న మనందరికీ వర్తిస్తుంది. ఇంటికి వెళ్ళాక మన నికాహ్ కాగితం మీద రాసిన సంఖ్యను ఒకసారి చూసుకుందాం.

అల్లాహ్ మనకు సత్యాన్ని గ్రహించే సద్బుద్ధిని ప్రసాదించుగాక! మా కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం ఆయన క్షమాభిక్షను వేడుకుంటున్నాము.

రెండవ ఖుత్బా

సకల మహిమలూ అల్లాహ్‌వే. ఆయన ప్రవక్తపై దరూద్ సలాములు కలుగుగాక!

ధర్మసోదరులారా! ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా సుదీర్ఘమైన ఆయతు దేని గురించి అవతరించిందో గుర్తు తెచ్చుకుందాం. అది సూరహ్ బఖరహ్ 282వ ఆయతు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే ఆయతు. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని కూడా అందులో ఉంది. రాసుకుందామంటే మనం నొచ్చుకుంటాము. “నా మీద నమ్మకం లేదా” అంటాము. రాయడం నమ్మకానికి విరుద్ధం కాదు, నమ్మకానికి రక్ష. మరుపు, మరణం, షైతాన్ ప్రేరణ మనందరికీ ఉన్నవే. ఆ తరువాతి ఆయతు మరొక మెట్టు ఎక్కిస్తుంది. రాసేవాడు దొరకని చోట, ఒకరినొకరు నమ్మి లావాదేవీ జరుపుకుంటే, నమ్మకం పొందినవాడు అల్లాహ్‌కు భయపడి ఆ అమానత్‌ను చెల్లించాలని, సాక్ష్యాన్ని దాచవద్దని అక్కడ ఆదేశం ఉంది. కాగితం లేని చోట అల్లాహ్ భయమే కాగితం.

అందువల్ల ఈ వారం మనం నాలుగు పనులకు పూనుకుందాం.

మొదటిది: మనకు రావలసినవి అందరికీ గుర్తుంటాయి, మనం ఇవ్వవలసినవి రాసుకుందాం. తీర్చగలిగినవి తీర్చుదాం. తీర్చలేనివారం తప్పించుకు తిరగకుండా, బాకీదారు ఇంటికి వెళ్ళి, ఉన్న పరిస్థితి చెప్పి, గడువు అడుగుదాం. అప్పు ఇచ్చినవారం ఇబ్బందుల్లో ఉన్నవానికి గడువిద్దాం. ఖుర్ఆన్ ఆదేశం అదే, మాఫీ చేస్తే మరింత మేలని కూడా చెప్పింది.

రెండవది: సోదరీమణుల వాటా. సూరహ్ నిసాలో అల్లాహ్ స్వయంగా వాటాలు నిర్ణయించాడు. తండ్రి పోయాక ఆ ఆస్తిలో ఆమె భాగం మన చేతిలో ఉన్న అమానత్. పెళ్ళికి ఖర్చు పెట్టామని, పండుగకు బట్టలు పెడుతున్నామని చెప్పి ఆ హక్కును మింగడం ధర్మం కాదు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో ఆమె పెట్టిన సంతకం ఇష్టంతో పెట్టిన సంతకం కాదని మనకు తెలుసు. తెలిసీ ఊరుకోవడమే సాక్ష్యాన్ని దాచడం.

మూడవది: తూకం, సరుకు. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. తడిసినదాన్ని ప్రజలకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగి, మోసం చేసేవాడు తనవాడు కాదని ఆయన హెచ్చరించారు. మన పండ్ల బుట్టలో పైవరుస ఒకటి, కిందివరుస ఒకటి ఉంటే ఆ హెచ్చరిక మనకే. కొనేవాడు ముస్లిమైనా, హిందువైనా, క్రైస్తవుడైనా తూకం ఒక్కటే. మక్కా అమానతులు ఎవరివో మరచిపోవద్దు.

నాలుగవది: మాట. ఒకరు అటూ ఇటూ చూసి మనతో చెప్పుకున్న సంగతి అమానతేనని ప్రవక్త (స) బోధించారు. విన్న ప్రతిదాన్నీ చెప్పుకుంటూ పోవడం అబద్ధాలకోరు అనిపించుకోవడానికి చాలని కూడా హెచ్చరించారు. సెల్‌ఫోన్‌లో వచ్చిన ప్రతి కబురునూ నిజానిజాలు తెలుసుకోకుండా పదిమందికి పంపే మన వేలు కూడా నాలుక లాంటిదే. దానికీ లెక్క ఉంది.

సోదరులారా! మరికొద్ది క్షణాల్లో మనం వరసలు కడతాము. భుజానికి భుజం ఆనుతుంది. మన పక్కన నిలబడినవాడికే మనం బాకీ ఉండవచ్చు. మన మాట వల్ల గాయపడినవాడు అదే వరసలో ఉండవచ్చు. సలాము తిప్పిన తరువాత హడావిడిగా చెప్పులు వెతుక్కోకుండా, ఒక్క నిమిషం ఆగి, అతని చేయి పట్టుకొని, “భాయ్, మీ సంగతి నాకు గుర్తుంది” అని చెబుదాం. ఆ మాట చెప్పడం కష్టమే. తీర్పుదినాన అతడు మన పుణ్యాలను తీసుకుపోవడం కన్నా అది ఎంతో తేలిక.

ఓ అల్లాహ్! మా నాలుకలను సత్యంపై నిలుపు. మా చేతుల్లో ఉన్న అమానతులను హక్కుదారులకు చేర్చే శక్తినివ్వు. రుణభారంతో కుంగినవారికి దారి చూపు. పరదేశాల్లో కష్టపడుతున్న మా వారిని చల్లగా చూడు, వారి కష్టార్జితాన్ని కాపాడు. హక్కులు కోల్పోయిన మా తల్లులకూ, చెల్లెళ్ళకూ న్యాయం చేసే మనసు మాకివ్వు. మేము బ్రతికి ఉండగా ప్రజలు మమ్మల్ని నమ్మేలా, మరణించిన నాడు ఎవరి బాకీ లేకుండా నీ సన్నిధికి వచ్చేలా మమ్మల్ని తీర్చిదిద్దు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.